కాన్పులో చేతి నరాలకు దెబ్బ: ఏ నెలలో ఏ చికిత్స?

కాన్పు సమయంలో చేతి నరాలు దెబ్బతిన్న పిల్లల్లో ఎక్కువమంది ఆపరేషన్ లేకుండానే కోలుకుంటారు. ఈ మాట నిజమే. కొందరు పిల్లలకు తీరని నష్టం చేసింది కూడా ఈ మాటే. "తగ్గిపోతుంది లెండి, చూద్దాం" అని ఇంటికి పంపిన బిడ్డ ఏడాదిన్నర వయసులో చెయ్యి ఎత్తలేని స్థితిలో నిపుణుల దగ్గరికి వస్తే, అప్పటికే కొన్ని చికిత్సలకు గడువు దాటిపోయి ఉంటుంది. ఈ సమస్యకు దారులు తక్కువేమీ లేవు. ఫిజియోథెరపీ ఉంది, చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే స్ప్లింట్లు ఉన్నాయి, కండరాన్ని కొన్నాళ్లు సడలించే బోటాక్స్ ఇంజెక్షన్లు ఉన్నాయి, నరాల ఆపరేషన్ ఉంది, ఆ తర్వాత కండరాలకూ ఎముకలకూ చేసే ఆపరేషన్లు ఉన్నాయి. వీటిలో ఏది మంచిదని అడిగితే జవాబు దొరకదు. ఏది ఏ నెలలో పనికొస్తుందని అడగాలి.

దెబ్బ ఎక్కడ, ఎంత

మెడలో వెన్నుపాము నుంచి ఒక్కో పక్కకు ఐదు నరాల వేర్లు బయటికొచ్చి చేతికి వెళ్తాయి. డాక్టర్లు వీటిని సి5, సి6, సి7, సి8, టి1 అంటారు. ఇవి మెడ పక్కన, కాలర్ ఎముక వెనక ఒకదానితో ఒకటి కలుస్తూ, చీలుతూ, మళ్లీ కలుస్తూ ఒక అల్లికగా మారి చంకలోంచి చేతిలోకి దిగుతాయి. ఈ అల్లిక పేరే బ్రేకియల్ ప్లెక్సస్. పైనున్న సి5, సి6 భుజాన్ని ఎత్తుతాయి, చేతిని బయటివైపు తిప్పుతాయి, మోచేయిని మడుస్తాయి. సి7 ముఖ్యంగా మోచేయిని చాచడానికి, మణికట్టును పైకి లేపడానికి పనిచేస్తుంది. కిందున్న సి8, టి1 వేళ్లను ఆడిస్తాయి.

కాన్పులో తల బయటికొచ్చాక భుజం తల్లి కటి ఎముక వెనక ఇరుక్కుంటే, తలకూ భుజానికీ మధ్య ఎడం పెరిగి ఈ నరాలు సాగుతాయి. ముందుగా లాగుడు పడేది పైవాటి మీదే. అందుకే సి5, సి6 దెబ్బతినడం, అంటే ఎర్బ్స్ పాల్సీ, ఎక్కువగా కనిపిస్తుంది. దెబ్బ సి7 వరకూ వెళ్తే మణికట్టు కూడా వాలిపోతుంది. ఐదూ దెబ్బతింటే చెయ్యి మొత్తం చచ్చుబడి వేళ్లు కూడా కదలవు. కింది రెండు వేర్లు మాత్రమే దెబ్బతినే క్లంప్కీ పాల్సీ వైద్య పుస్తకాల్లో కనిపించినంత తరచుగా పిల్లల్లో కనిపించదు.

ప్రతి వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండు చోట్ల ఈ సమస్య వస్తుందని అంచనా. దేశాన్ని బట్టి, లెక్కించిన తీరును బట్టి ఈ అంకె మారుతుంది. బిడ్డ నాలుగు కిలోలు దాటి ఉండటం, తల్లికి షుగర్ ఉండటం, ఫోర్సెప్స్ లేదా వాక్యూమ్ వాడటం, బిడ్డ ఎదురుకాళ్లతో రావడం, ముందు కాన్పులో ఇదే సమస్య రావడం, ఇవన్నీ ప్రమాదాన్ని పెంచుతాయి. అయితే దెబ్బతిన్న పిల్లల్లో చాలామందికి ఇలాంటి కారణాలేవీ కనిపించవు. సిజేరియన్‌తో ప్రమాదం బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. తల్లి ఏదో తప్పు చేసింది, సరిగ్గా ముక్కలేదు అని ఎవరైనా అంటే అందులో వైద్యపరంగా అర్థమేమీ లేదు. భుజం ఇరుక్కున్నప్పుడు బిడ్డకు ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతినకుండా బయటికి తీయడానికి ఉండేది కొన్ని నిమిషాలే. తప్పు ఎవరిదన్న వాదన ఎలా తేలినా చికిత్స క్యాలెండర్ మాత్రం పుట్టిన రోజు నుంచే నడుస్తుంది.

నరం ఎంత దెబ్బతిన్నదన్నది ఇంకో లెక్క. కాస్త సాగి ఊరుకున్న నరం కొన్ని వారాల్లో తనంతట తానే పనిలో పడుతుంది. లోపలి పోగులు తెగినా పైతొడుగు మిగిలి ఉంటే ఆ తొడుగు వెంటే పోగులు మళ్లీ పెరుగుతాయి, దానికి నెలలు పడుతుంది. నరం పూర్తిగా తెగితే కొత్త పోగులు దారి దొరక్క, మచ్చ కణజాలంతో కలిసి గడ్డకడతాయి. ఆ గడ్డనే న్యూరోమా అంటారు. అన్నిటికంటే తీవ్రమైనది వేరు వెన్నుపాము నుంచే ఊడిపోవడం. కరెంటు తీగ మధ్యలో తెగితే రెండు కొసలు కలపొచ్చు. స్తంభం దగ్గరే ఊడిపోతే కలపడానికి రెండో కొస ఉండదు.

చిక్కేమిటంటే, ఈ నాలుగూ పుట్టిన రోజున ఒకేలా కనిపిస్తాయి. వాలిపోయిన చేతిని చూసి లోపలి నరం సాగిందా, తెగిందా, ఊడిందా అని ఆ రోజే తేల్చి చెప్పగల డాక్టరు ఉండరు. కాలం గడిచేకొద్దీ ఏ కదలిక ఎప్పుడు తిరిగొచ్చిందన్నదే అసలు పరీక్ష. అందుకే వేచి చూడటం ఇక్కడ తప్పనిసరి. కానీ తెగిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది. నరం అందని కండరం ఏడాదిన్నర, రెండేళ్లలో మళ్లీ నరాన్ని అందుకునే శక్తిని కోల్పోతుంది. అంటే వేచి చూడటానికి ఒక హద్దు ఉంది. ఈ రంగంలో జరిగే వాదనలన్నీ దాదాపు ఆ హద్దు ఎక్కడన్నదాని గురించే.

ఈ వాదనకు పెద్ద చరిత్రే ఉంది. పుట్టిన బిడ్డల్లో ఇలా చెయ్యి పడిపోవడం గురించి 18వ శతాబ్దంలోనే కాన్పుల వైద్యుడు విలియం స్మెల్లీ రాశాడు. 1872లో ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్, 1874లో జర్మన్ వైద్యుడు ఎర్బ్ పైవేర్ల దెబ్బను వివరించారు. 1885లో అగస్టా క్లంప్కీ కిందివేర్ల దెబ్బను వర్ణించింది. 1903లోనే కెనెడీ అనే సర్జన్ ఈ నరాలకు ఆపరేషన్ చేసి ఫలితాలు ప్రకటించాడు. కానీ ఆనాటి పరికరాలతో వచ్చిన ఫలితాలు నమ్మకం కలిగించలేదు, ఆపరేషన్ల మాట కొన్ని దశాబ్దాల పాటు మరుగునపడింది. మైక్రోస్కోప్ కింద సన్నని దారంతో నరాలు కుట్టే నైపుణ్యం వచ్చాక, 1970లు, 80లలో ప్యారిస్‌లో సర్జన్ గిల్బర్ట్ బృందం మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు జరుగుతున్న చికిత్సకు పునాది అక్కడే పడింది.

మొదటి నెల

ఎర్బ్స్ పాల్సీ ఉన్న బిడ్డ చెయ్యి ఒంటికి ఆనుకుని, లోపలికి తిరిగి, మోచేయి చాపుకుని, అరచేయి వెనక్కి తిరిగి ఉంటుంది. ఉలిక్కిపడినప్పుడు ఒక చెయ్యి మాత్రమే పైకి లేస్తుంది. మొదట తేల్చుకోవాల్సింది ఇది నిజంగా నరాల సమస్యేనా అని. కాలర్ ఎముక గానీ జబ్బ ఎముక గానీ విరిగినా నొప్పి వల్ల బిడ్డ చెయ్యి కదపదు. ఎముక విరగడం, నరం దెబ్బతినడం రెండూ కలిసి కూడా రావచ్చు. ఇక్కడొక హెచ్చరిక అవసరం. పుట్టినప్పుడు బాగా ఆడిన చెయ్యి కొన్ని రోజులకో వారాలకో ఆగిపోతే అది కాన్పు దెబ్బ కాదు. ఎముకకో కీలుకో ఇన్ఫెక్షన్ సోకిందేమో వెంటనే చూడాలి, అది ఎమర్జెన్సీ.

అదే మొదటి పరీక్షలో చూడాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. దెబ్బతిన్న వైపు కంటి రెప్ప కాస్త వాలి, కంటిపాప చిన్నదిగా కనిపిస్తే దాన్ని హార్నర్స్ సిండ్రోమ్ అంటారు. టి1 వేరు వెన్నుపాము దగ్గరే ఊడి ఉండవచ్చనడానికి అది సూచన. ఊపిరి తీయడంలో ఇబ్బంది ఉంటే ఊపిరితిత్తుల కింది డయాఫ్రమ్‌ను నడిపే నరం కూడా దెబ్బతిని ఉండొచ్చు, అల్ట్రాసౌండ్‌తో అది తెలిసిపోతుంది. ఈ రెండు గుర్తులూ కేసు పత్రాల్లో మొదటి రోజే నమోదైతే తర్వాత నిర్ణయం తీసుకునేవారి పని సగం తేలికవుతుంది.

ఇంటి దగ్గర జాగ్రత్తలు మామూలువే. బిడ్డను చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. దెబ్బతిన్న చేతిని పట్టి లాగకూడదు. చొక్కా తొడిగేటప్పుడు ముందు ఆ చేతికి తొడిగి, విప్పేటప్పుడు ఆ చేతిని చివర విప్పితే సరిపోతుంది. పడుకోబెట్టినప్పుడు ఆ చెయ్యి ఒంటి కింద నలగకూడదు, అలాగని గాల్లో వేలాడనూ కూడదు.

ఫిజియోథెరపీ తొలి వారాల్లోనే మొదలవుతుంది. ఎముక విరిగి ఉంటే అది అతికేదాకా ఆగుతారు. చాలామంది అనుకునేట్టు ఫిజియోథెరపీ నరాన్ని పెంచదు. నరం పెరిగి కండరాన్ని చేరే వరకూ కీళ్లు బిగుసుకుపోకుండా కాపాడటమే దాని పని. చిన్న పనిగా అనిపిస్తుంది కానీ అది చేయకపోతే నరం తిరిగొచ్చినా కదలడానికి కీలు సిద్ధంగా ఉండదు. అన్ని కదలికల్లోకీ ముఖ్యమైనది ఒకటుంది. మోచేయిని పక్కటెముకలకు ఆనించి ఉంచి, తొంభై డిగ్రీలకు మడిచి, ముంజేతిని మెల్లగా బయటివైపు తిప్పాలి. ఆ తిప్పేటప్పుడు వీపు వెనక రెక్క ఎముక కదలకుండా రెండో చేత్తో పట్టుకోవాలి. పట్టుకోకపోతే తిరిగేది భుజం కీలు కాదు, రెక్క ఎముక. చూసేవారికి మాత్రం చెయ్యి బాగానే తిరుగుతున్నట్టు ఉంటుంది. అరచేయిని పైకి తిప్పడం, మోచేయి చాచడం, మణికట్టూ వేళ్లూ సాగదీయడం కూడా ఉంటాయి. రోజుకు ఒకసారి అరగంట కంటే, బట్టలు మార్చిన ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు చేయడం ఆచరణలో నిలుస్తుంది.

స్పర్శ సంగతి తరచూ మర్చిపోతుంటారు. ఆ చేతికి మెత్తనివి, గరుకువి, చల్లనివి తగిలిస్తూ ఉండాలి, రెండు చేతులూ కలిపి నోటి దగ్గరికి తీసుకెళ్తూ ఉండాలి. లేకపోతే బిడ్డ మెదడు ఆ చేతిని లెక్కలోంచి తీసేస్తుంది. తర్వాత బలం వచ్చినా ఆ చెయ్యి వాడాలన్న ఆలోచనే బిడ్డకు రాదు.

పూర్తిగా కోలుకోని బిడ్డను నెల వయసు నాటికే, నరాల సర్జన్, ఫిజియోథెరపిస్టు, పిల్లల డాక్టరు కలిసి చూసే కేంద్రానికి పంపాలని 2017లో వెలువడిన కెనడా జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. నెల రోజులకే పంపడం తొందరపాటని కొందరికి అనిపించవచ్చు. అక్కడికి పంపడమంటే ఆపరేషన్‌కు పంపడం కాదు. కొలవడం మొదలుపెట్టడం.

మూడో నెల నుంచి తొమ్మిదో నెల వరకూ

కొలత అంటే ఏమిటి? నెలల బిడ్డకు "చెయ్యి ఎత్తు" అని చెబితే వినదు. బొమ్మ చూపించి, ఆడించి, ఏ కదలిక ఎంత వస్తోందో గమనించాలి. టొరంటో వైద్యులు దీనికోసం తయారుచేసిన యాక్టివ్ మూవ్‌మెంట్ స్కేల్‌లో 15 కదలికలకు 0 నుంచి 7 వరకూ మార్కులు వేస్తారు. ముందు పడుకోబెట్టి, చేతి బరువు అడ్డురాకుండా చూస్తారు. అందులో పూర్తి కదలిక వస్తేనే బరువుకు ఎదురు ఎత్తగలుగుతోందా అని చూసి పై మార్కులు వేస్తారు. నెలనెలా ఈ మార్కులు రాసిపెట్టిన కాగితం ఏ స్కానింగ్ కంటే ఎక్కువ చెబుతుంది.

రెండు నెలల లోపే మోచేయిని బరువుకు ఎదురు మడవగలిగిన బిడ్డ దాదాపు పూర్తిగా కోలుకుంటుందని నమ్మవచ్చు. మూడో నెల నిండినా మోచేయిని మడిచే బైసెప్స్ కండరంలో చలనం లేకపోతే ఆపరేషన్ చేయాలన్నది గిల్బర్ట్ పెట్టిన నియమం. అది సులువైన నియమం, అందుకే ప్రపంచమంతా పాకింది. మరీ సులువైనదన్నదే దాని మీద విమర్శ కూడా. మూడో నెలలో మోచేయి మడవలేని పిల్లల్లో కొందరు తర్వాత బాగానే కోలుకుంటారు. 1994లో టొరంటో బృందం పరిశీలిస్తే, మోచేయి మడత ఒక్కటే చూస్తే 12.8 శాతం మంది విషయంలో అంచనా తప్పింది. దానికి మోచేయి, మణికట్టు, బొటనవేలు, వేళ్లు చాచడాన్ని కూడా కలిపితే తప్పు 5.2 శాతానికి తగ్గింది. ఆ ఐదు కదలికలకు కలిపి పదికి 3.5 కంటే తక్కువ వస్తే మూడో నెలలోనే ఆపరేషన్‌కు సిద్ధం కావాలన్నది వారి లెక్క. ఆ గీత పైనున్న పిల్లలను ఇంకొన్నాళ్లు చూస్తారు. తొమ్మిదో నెలలో ఆఖరి పరీక్ష ఉంటుంది. చిన్న బిస్కెట్ చేతిలో పెట్టి, జబ్బను ఒంటికి ఆనించి పట్టుకుంటారు. మెడ మరీ వంచకుండా దాన్ని నోటిదాకా తీసుకెళ్లగలిగితే బిడ్డ పాసైనట్టే.

ఇతర కేంద్రాల్లో ఐదో నెల, ఆరో నెల హద్దుగా పెట్టుకున్నవారు ఉన్నారు. ఈ తేడాలు చూసి తల్లిదండ్రులకు టెన్షన్ పట్టుకోవడం సహజం. కానీ ఒక విషయంలో దాదాపు అందరిదీ ఒకే మాట. చెయ్యి మొత్తం పడిపోయి, హార్నర్స్ గుర్తు కూడా ఉంటే మూడో నెల దగ్గరే ఆపరేషన్ చేయాలి, అక్కడ ఎదురుచూసి లాభం లేదు. వాదనంతా పైవేర్లు మాత్రమే దెబ్బతిని, కొద్దికొద్దిగా మెరుగవుతున్న పిల్లల గురించే. వారి విషయంలో ఏ నెల అన్నదానికంటే, గత రెండు నెలల్లో మార్కులు పెరిగాయా, ఆగిపోయాయా అన్నదే ఎక్కువ విలువైన సమాచారం. పెరుగుదల ఆగిపోయిన బిడ్డను ఆరో నెల దాటినా "ఇంకో రెండు నెలలు చూద్దాం" అనడం సమంజసం కాదు.

పరీక్షల మీద ఒక మాట. కండరంలో సూది పెట్టి కరెంటు కొలిచే ఈఎంజీ పెద్దల్లో బాగా ఉపయోగపడుతుంది, పసిపిల్లల్లో మాత్రం తరచూ లేనిపోని ఆశ పుట్టిస్తుంది. చెయ్యి అసలు కదలని బిడ్డలో కూడా కండరంలో చలనం ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి ఈఎంజీ బాగుందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ వాయిదా వేయకూడదు. ఎంఆర్ఐ, లేదా వెన్ను ద్రవంలోకి మందు ఎక్కించి తీసే సీటీ, వేరు వెన్ను దగ్గరే ఊడిందా లేదా తెలుసుకోవడానికి పనికొస్తాయి. చిన్నపిల్లలకు వీటిని సాధారణంగా మత్తులోనే తీస్తారు కనుక ఆపరేషన్ ఆలోచన ఉన్నప్పుడే చేయించడం సబబు.

నరాల ఆపరేషన్ ఏం చేయగలదు

సర్జన్ మెడ పక్కన తెరిచి అల్లికను పరిశీలిస్తారు. సాధారణంగా కనిపించేది న్యూరోమా గడ్డ. దాన్ని కోసి తీసి, కాలి పిక్క వెనక నుంచి తీసిన సూరల్ నరం ముక్కలను ఆ ఖాళీలో వంతెనలుగా కుడతారు. సూరల్ నరం తీసినందువల్ల పాదం పక్కన కొంత తిమ్మిరి మిగులుతుంది, నడకకు ఇబ్బంది రాదు. గడ్డ చుట్టూ ఉన్న మచ్చను మాత్రమే తొలగించి నరాన్ని అలాగే వదిలేసే పద్ధతి ఒకప్పుడు ఉండేది. దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని తేలింది.

గడ్డ కోసేయడం తల్లిదండ్రులకు మింగుడుపడని విషయం, ఎందుకంటే ఆ గడ్డలోంచి కూడా కొన్ని పోగులు వెళ్తుంటాయి. బిడ్డకు అంతో ఇంతో కదలిక ఉంటే ఆపరేషన్ తర్వాత అది కూడా కొన్ని నెలలు పోతుంది. మెరుగైన కదలిక కోసం ఉన్న కాస్తా తాత్కాలికంగా వదులుకోవడమన్నమాట. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే విడమర్చి చెప్పకపోతే, తర్వాత మూడు నాలుగు నెలల పాటు ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

నరం వేరు వెన్నుపాము నుంచే ఊడిపోతే కలపడానికి మొదలు ఉండదు కాబట్టి ఇంకోచోట పనిచేస్తున్న నరాన్ని మళ్లిస్తారు. దీన్ని నరాల మార్పిడి అంటారు. భుజాలు ఎగరేసే స్పైనల్ యాక్సెసరీ నరంలో కొంత భాగాన్ని భుజం బయటికి తిప్పే కండరాల నరానికి కలపడం ఎక్కువగా చేసేది. వేళ్లకు వెళ్లే అల్నార్ నరంలోంచి ఒక పోగును బైసెప్స్‌కు మళ్లించే పద్ధతిని 1994లో ఫ్రెంచి సర్జన్ ఓబెర్లిన్ ప్రకటించాడు. పక్కటెముకల మధ్య నరాలను కూడా మోచేతి కోసం వాడతారు. ఇందులో నరాన్ని కండరానికి దగ్గరలోనే కలుపుతారు కాబట్టి పెరగాల్సిన దూరం తక్కువ. అందుకే ఆలస్యంగా వచ్చిన పిల్లలకు, అంటే ఏడాది దగ్గరపడుతున్నవారికి, ఈ దారి ఇంకా తెరిచి ఉంటుంది.

చెయ్యి మొత్తం పడిపోయిన బిడ్డ విషయంలో పసిపిల్లలకూ పెద్దలకూ ఒక పెద్ద తేడా ఉంది. ప్రమాదంలో నరాలు తెగిన పెద్దవారికి సర్జన్లు ముందు మోచేయి, భుజం చూస్తారు. వేళ్లదాకా నరం పెరిగేసరికి అక్కడి కండరాలు మిగలవన్నది వారి లెక్క. పసిబిడ్డ చెయ్యి పొట్టిది, నరం చేరాల్సిన దూరం తక్కువ, మెదడు కొత్త దారులు తేలిగ్గా నేర్చుకుంటుంది. కాబట్టి పిల్లల్లో వేళ్లకే మొదటి ప్రాధాన్యం. మంచి వేరు ఒక్కటే మిగిలితే దాన్ని వేళ్ల కోసమే వాడతారు. పట్టుకోలేని చెయ్యి ఎంత పైకి లేచినా ఉపయోగం తక్కువ, పట్టుకోగల చెయ్యి పూర్తిగా లేవకపోయినా పనికొస్తుంది.

ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది. తర్వాత సుమారు మూడు వారాలు మెడ, చెయ్యి కదలకుండా కట్టు ఉంటుంది. ఆ తర్వాత చాలా నెలలు పైకి ఏ మార్పూ కనిపించదు. నరం మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ ఉంటుంది, ఫిజియోథెరపీ ఆగకుండా సాగాలి. మోచేయి మడత మొదట తిరిగొస్తుంది, చాలామందిలో బాగానే వస్తుంది. భుజం ఎత్తడం కొంత వస్తుంది. చేతిని బయటికి తిప్పడమే అన్నిటికంటే మొండి కదలిక, మంచి ఆపరేషన్ తర్వాత కూడా చాలామందికి పూర్తిగా రాదు. వేళ్ల ఫలితం రెండు మూడేళ్లకు గానీ తేలదు. ఆపరేషన్ చేస్తే చెయ్యి మామూలుగా అయిపోతుందని ఎవరైనా హామీ ఇస్తే అది నమ్మదగిన మాట కాదు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఆపరేషన్ చేసినవారినీ చేయనివారినీ లాటరీ పద్ధతిలో విడదీసి పోల్చిన అధ్యయనాలు ఈ రంగంలో లేనట్టే. ఆపరేషన్‌కు వచ్చేవారంతా ఎక్కువ దెబ్బతిన్న పిల్లలే కాబట్టి మామూలు పోలికలు మోసం చేస్తాయి. అయినా తెగిన నరం, ఊడిన వేరు తమంతట తాము అతుక్కోవు. తీవ్రమైన కేసుల్లో ఆపరేషన్ వైపు మొగ్గడానికి ఈ ఒక్క కారణం చాలు.

అందరి చూపూ మోచేతి మీదుంటే, భుజం

పాత పుస్తకాలు ఈ పిల్లల్లో తొంభై శాతానికి పైగా పూర్తిగా కోలుకుంటారని రాశాయి. 2004లో నెదర్లాండ్స్ వైద్యులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి, ఆ అంకెకు గట్టి ఆధారం లేదనీ, 20 నుంచి 30 శాతం మందికి ఎంతో కొంత లోపం మిగులుతుందనీ తేల్చారు. ఆ మిగిలే లోపంలో ఎక్కువ భాగం భుజానిదే. నరం కోలుకున్న పిల్లల్లో కూడా భుజం దెబ్బతింటుందన్నది చాలామందికి ఆలస్యంగా తెలిసే విషయం.

కారణం కండరాల మధ్య పొత్తు చెడటం. చేతిని లోపలికి తిప్పే కండరాలకు నరాలు కింది వేర్ల నుంచి కూడా వస్తాయి కాబట్టి అవి బతికి ఉంటాయి, లేదా ముందే కోలుకుంటాయి. బయటికి తిప్పేవి పూర్తిగా సి5, సి6 మీద ఆధారపడినవి. ఒకవైపు లాగుడు ఎక్కువై, చెయ్యి లోపలికే తిరిగి ఉండిపోతుంది. నరం తెగిన కండరం ఎముకలతో సమానంగా పొడవు పెరగకపోవడం కూడా ఈ బిగుతుకు తోడవుతుంది. పసిబిడ్డ భుజం కీలు ఇంకా చాలావరకు మృదులాస్థే. జబ్బ ఎముక గుండు మెల్లగా వెనక్కి జారి, దాన్ని పట్టి ఉంచే గుంట చదునైపోయి, కీలు వంకరగా పెరగడం మొదలవుతుంది. మూడు నుంచి ఆరు నెలల వయసులోనే ఇది కనిపించవచ్చు. బిడ్డకు నొప్పి ఉండదు, ఏడవదు. మోచేయి మడుస్తోందని ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్న రోజుల్లోనే కీలు జారుతూ ఉండొచ్చు.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. మోచేయిని పక్కకు ఆనించి చేతిని బయటికి తిప్పినప్పుడు గత నెల కంటే తక్కువ తిరిగితే అది మొదటి హెచ్చరిక. అల్ట్రాసౌండ్‌తో కీలు స్థానం చూడవచ్చు, మత్తు అక్కర్లేదు, రేడియేషన్ లేదు. చూడకపోవడమే అసలు సమస్య. మోచేతికి ఇచ్చే శ్రద్ధలో సగం భుజానికి ఇచ్చినా చాలా ఆపరేషన్లు తప్పుతాయనిపిస్తుంది.

బిగుతు మొదలైతే ముందు సాగదీసే వ్యాయామాలు పెంచుతారు, చేతిని బయటికి తిప్పి ఉంచే స్ప్లింట్ వేస్తారు. అది చాలకపోతే లోపలికి లాగే కండరాల్లో బోటాక్స్ ఇస్తారు. అది ఆ కండరాన్ని మూడు నాలుగు నెలలు బలహీనపరుస్తుంది. ఆ వ్యవధిలో జారిన కీలును సరైన చోట కూర్చోబెట్టి కొన్ని వారాలు కట్టు వేస్తారు. మోచేయిని మడిచే కండరం, చాచే కండరం ఒకేసారి బిగుసుకునే పిల్లల్లో చాచే కండరానికి బోటాక్స్ ఇచ్చినా లాభం ఉంటుంది. ఇది శాశ్వత మందు కాదు, ఎదురు కండరం బలపడటానికి దొరికే కొంత గడువు.

ఇవన్నీ దాటిపోతే బిగిసిన కండరాలను సడలించే ఆపరేషన్, దాంతోపాటు వీపు పక్కనుండే లాటిసిమస్ డోర్సై, టీరెస్ మేజర్ కండరాల టెండన్లను, అంటే వాటిని ఎముకకు కలిపే తాళ్లలాంటి భాగాలను తీసి జబ్బ వెనక కుట్టే ఆపరేషన్ చేస్తారు. దాంతో లోపలికి లాగుతున్న కండరాలే బయటికి తిప్పడం మొదలుపెడతాయి. చెయ్యి పైకి ఎత్తడం కూడా మెరుగవుతుంది. దీన్ని ఎక్కువగా రెండు నుంచి ఆరేడేళ్ల మధ్య చేస్తారు. చిన్న వయసులో కీలును సరైన చోట కూర్చోబెడితే గుంట మళ్లీ కొంత లోతుగా పెరిగే అవకాశం ఉంటుంది. పెద్ద పిల్లల్లో కీలు పూర్తిగా వంకరపోయాక టెండన్ మార్పిడి వల్ల ఉపయోగం తక్కువ. అప్పుడు జబ్బ ఎముకను కోసి, బయటివైపు తిప్పి, ప్లేటు వేసి బిగిస్తారు. కీలు బాగుపడదు కానీ చెయ్యి పనికొచ్చే దిశకు వస్తుంది.

ఈ ఆపరేషన్లన్నిటిలో ఒక బేరం దాగి ఉంది. చెయ్యి బయటికి తిరిగే కొద్దీ లోపలికి తిరగడం తగ్గుతుంది. తల వెనక చెయ్యి పెట్టుకోగలిగిన బిడ్డ ఇప్పుడు పొట్ట దగ్గరికి చెయ్యి తేలేకపోవచ్చు. బొత్తాలు పెట్టుకోవడం, బాత్రూమ్ పనులు, రెండు చేతులతో ఒళ్లో పని చేసుకోవడం, ఇవన్నీ లోపలికి తిరిగే కదలిక మీదే ఆధారపడ్డాయి. అందుకే భుజం ఆపరేషన్‌కు ముందు ఎంత బయటికి తిరుగుతుందని మాత్రమే కాదు, లోపలికి ఎంత మిగులుతుందని కూడా సర్జన్‌ను అడగాలి.

మోచేతి కింద మిగిలేవి

మోచేయి పూర్తిగా చాచలేకపోవడం పెరిగే పిల్లల్లో సర్వసాధారణం. రాత్రిపూట స్ప్లింట్లు, వారం వారం మార్చే కట్లు దీనికి వాడతారు. ముంజేయి అరచేయి పైకి తిరిగి బిగుసుకుపోతే బైసెప్స్ టెండన్‌ను దారి మళ్లించడమో, ముంజేతి ఎముకను కోసి తిప్పడమో చేస్తారు. వాలిపోయిన మణికట్టుకు పనిచేస్తున్న టెండన్ ఒకటి తెచ్చి కలుపుతారు. మోచేయి అసలు మడవలేని పెద్ద పిల్లలకు తొడ లోపలి వైపు నుంచి గ్రాసిలిస్ కండరాన్ని రక్తనాళాలు, నరంతో సహా తీసి జబ్బలో అమర్చే ఆపరేషన్ ఉంది. నరాల ఆపరేషన్‌కు గడువు దాటినవారికి మిగిలే పెద్ద దారి అదే.

బాగున్న చేతికి రోజులో కొంతసేపు తొడుగు వేసి, దెబ్బతిన్న చేతితోనే ఆడించే కన్‌స్ట్రెయింట్ థెరపీ చేతిని మర్చిపోయే అలవాటును తగ్గిస్తుంది. ఆ తర్వాత రెండు చేతులతో కలిపి చేయాల్సిన ఆటలు ఆడించాలి. చేతిలో కాస్తయినా కదలిక ఉన్నవారికే ఇది సరిపడుతుంది. కరెంటు పెట్టే థెరపీ నరాలను పెంచుతుందనడానికి బలమైన ఆధారాలు లేవు. మసాజ్ కూడా అంతే. చెయ్యి వెచ్చగా, మెత్తగా అనిపించవచ్చు, తెగిన నరం మాత్రం దానివల్ల కలవదు. వీటిని నమ్ముకుని మూడో నెల, ఆరో నెల దాటబెట్టడమే అసలు ప్రమాదం.

స్పర్శ సరిగ్గా లేని పిల్లల్లో కొందరు తమ వేళ్లను తామే కొరుక్కుంటారు. నరం తిరిగి పెరుగుతున్నప్పుడు వచ్చే తిమ్మిరి లాంటి అనుభూతి దానికి కారణం కావచ్చు. అది మొండితనం కాదు, తిట్టి ఆపించేది కాదు. వేళ్లకు తొడుగు వేసి గాయం కాకుండా చూస్తే చాలామందిలో కొంతకాలానికి తగ్గుతుంది. అదే చేతికి వేడి తగిలినా తెలియకపోవచ్చు కనుక కాలిన గాయాల విషయంలో జాగ్రత్త అవసరం.

ఏళ్లు గడిచాక ఆ చెయ్యి రెండో దానికంటే కాస్త పొట్టిగా, సన్నగా ఉంటుంది. దెబ్బ ఎంత తీవ్రమైతే తేడా అంత ఎక్కువ. బడికి వెళ్లే వయసులో బిడ్డకు ఏ పని కష్టంగా ఉందో బిడ్డే చెప్పగలుగుతుంది. ఎముక ఆపరేషన్ లాంటివి సాధారణంగా అత్యవసరం కావు, వాటి నిర్ణయంలో ఆ మాటకు చోటు ఉండాలి. తల్లిదండ్రులకు చెయ్యి వంకర కనిపిస్తుంది, బిడ్డకు బంతి విసరలేకపోవడమో జుట్టు దువ్వుకోలేకపోవడమో కనిపిస్తుంది. ఈ రెండింటికీ కావాల్సిన ఆపరేషన్ ఒకటే అయి ఉండాలని లేదు. ఈత లాంటి ఆటలు భుజానికి మేలు చేస్తాయి. ఎత్తు వేగంగా పెరిగే వయసులో, పెద్దగా లోపం లేదనుకున్న పిల్లల్లో కూడా బిగుతు మళ్లీ రావచ్చు, భుజం నొప్పి మొదలవ్వవచ్చు. కాబట్టి మూడేళ్లకో ఐదేళ్లకో "ఇక రానక్కర్లేదు" అని ఫైలు మూసేయకుండా, ఎముకలు పెరగడం ఆగేదాకా ఏడాదికోసారైనా భుజాన్ని కొలిచి రాసిపెట్టాలి.